వాసుదేవరావు ఐరిష్ పాఠం

ఆ శనివారం పొద్దున జానకీదేవి వేసుకున్న పథకం చాలా చిన్నది. సున్నుండలు డబ్బాలో సర్దాలి, ఆ డబ్బా భర్త వాసుదేవరావు చేతికివ్వాలి, ఆయన దాన్ని కాబోయే అల్లుడు కీరన్ వాళ్ళ నాయనమ్మకి ఇచ్చి బుద్ధిగా తిరిగి రావాలి. తానే వెళ్ళి ఆవిడని మొదటిసారి చూసి వద్దామంటే స్నేహితురాలు సాయి ప్రియ వాళ్ళింట్లో సత్యనారాయణ వ్రతం. కూతురు విద్యని పంపుదామంటే దానికి ఆసుపత్రి ఫార్మసీలో డ్యూటీ. వాళ్ళుండే అమెరికా ఊరు ట్రాయ్‌లో ఆ పూట ఖాళీగా ఉన్న మనిషి వాసుదేవరావు ఒక్కడే.

"ఇచ్చేసి వచ్చేయండి. సోఫా కనిపించింది కదా అని కూర్చుని మీ గేర్‌బాక్సుల కథ మొదలుపెట్టకండి," అంది జానకీదేవి డబ్బా మూత గట్టిగా నొక్కుతూ.

"నేనేమన్నా చిన్నపిల్లాడినా?"

"చిన్నపిల్లాడైతే చెప్పినట్టు వినేవాడు."

మామూలుగా అయితే ఈ మాటకి వాసుదేవరావు దగ్గర జవాబు ఉండేది. కార్ల కంపెనీలో ముప్ఫై ఏళ్ళు గేర్‌బాక్సులు డిజైన్ చేసి రిటైరైన మనిషి, ఊరికే పడడు. కానీ ఆ పూట మారుమాట్లాడకుండా డబ్బా అందుకున్నాడు. ఆ డబ్బా మోసే అవకాశం కోసం ఆయన నాలుగు నెలలుగా కాచుకుని కూర్చున్నాడు మరి.

అసలు సంగతి నవంబరులో మొదలైంది. ఒక ఆదివారం భోజనానికి వచ్చిన విద్య, అమ్మ వంటింట్లో ఉండగా నాన్న పక్కన కూలబడింది. "గ్రాండ్‌మా నోరా నాతో అసలు ఓపెన్ అవదు నాన్నా. హలో అంటుంది, టీ ఇస్తుంది, దట్సిట్. కీరన్‌ని రైజ్ చేసింది ఆవిడే కదా? వెడ్డింగ్‌కి వస్తారా అని అడిగితే 'చూద్దాం' అంది. నేనంటే ఇష్టం లేదేమో," అంటూ కళ్ళు తుడుచుకుంది. ముప్ఫైకి దగ్గరపడిన పిల్ల, రోజూ ఎందరో రోగులకి ధైర్యం చెప్పి మందులిచ్చే పిల్ల అలా ముక్కు చీదుతుంటే వాసుదేవరావుకి గుండెలో కలుక్కుమంది. మాటల్లో ఆయనకి ఇంకో సంగతి కూడా తెలిసింది. నోరా పుట్టింది ఐర్లండులో పడమటి సముద్రం ఒడ్డున. మాతృభాష ఐరిష్. మొగుడు పోయాక ఆ భాషలో పలకరించే దిక్కు లేదు. కొడుకు నేర్చుకోలేదు, మనవడికి ఒక్క ముక్క రాదు.

మాతృభాషలో మాట్లాడే మనిషి లేకుండా ఏళ్ళకి ఏళ్ళా! వాసుదేవరావు చలించిపోయాడు. ఆ తర్వాతి శనివారమే పబ్లిక్ లైబ్రరీలో జరిగే ఐరిష్ క్లాసులో పేరు ఇచ్చేశాడు. ఇంట్లో మాత్రం మాల్‌లో నడకకి వెళ్తున్నానని చెప్పాడు. మిషిగన్ చలికాలంలో రిటైరైన వాళ్ళందరూ మాల్ చుట్టూ తిరిగేవాళ్ళే కాబట్టి జానకీదేవికి అనుమానం రాలేదు. ఈ వయసులో ఐరిష్ నేర్చుకుంటున్నానంటే ఆవిడ నవ్వుతుందని ఆయన భయం. నిశ్చితార్థం రోజున అందరి ముందూ నోరాతో ఆ భాషలో మాట్లాడి, భార్య నోరు తెరుచుకుని చూస్తుంటే చూడాలని కోరిక.

క్లాసు చెప్పేది డెక్లన్ అనే స్కూలు టీచరు. మొదటి గంట అందరిచేతా పాఠం చదివించడం, రెండో గంట దాని అర్థం విడమరిచి చెప్పడం అతని పద్ధతి. వాసుదేవరావు పద్ధతి వేరు. ఎక్కాలైనా, శతక పద్యాలైనా, ఇంజనీరింగు సూత్రాలైనా ఆయన చిన్నప్పటి నుంచీ ఒకే దారిలో నేర్చుకున్నాడు. ముందు నోటికి రావాలి. అర్థం దానంతటదే వెనకాల వస్తుంది, రాకపోయినా మార్కులు వస్తాయి. పైగా మధ్యాహ్నం భోజనం వేళకి ఇల్లు చేరకపోతే జానకీదేవి ఊరుకోదు. అందుకని మొదటి గంట కాగానే లేచి వచ్చేసేవాడు. మిగతా వారమంతా గరాజ్‌లో కారులో కూర్చుని, అద్దాలు మూసుకుని వల్లె వేసేవాడు.

తొమ్మిదో పాఠం ఒక పెద్దాయన తనని తాను పరిచయం చేసుకోవడం గురించి. డెక్లన్ మొదటి గంటలో చెప్పింది అంతే. వాసుదేవరావుకి అంతకన్నా కావలసిందేముంది? తనూ పెద్దాయనే, తనకి కావలసిందీ పరిచయమే. పాఠంలోని పాద్రిగ్ అనే పేరు తీసేసి అక్కడ తన పేరు పెట్టుకున్నాడు. బళ్ళో ఆవు వ్యాసం రాసేటప్పుడు ఆవు తీసి గేదె పెట్టుకున్నంత సులువుగా పని జరిగిపోయింది. మొత్తం పేరా తడుముకోకుండా ఒప్పజెప్పిన రోజున క్లాసంతా చప్పట్లు కొట్టింది.

నోరా ఇల్లు అరగంట దూరంలో ఉంది. చిన్న ఇటుకల ఇల్లు, మెట్ల మీద ఇంకా కరగని మార్చి మంచు. తలుపు తీసిన మనిషి సన్నగా, నిటారుగా, స్వెట్టర్ చేతులు పైకి మడుచుకుని ఉంది.

"విద్య నాన్నగారు కదూ?" అంది ఇంగ్లీషులో.

వాసుదేవరావు దానికి జవాబు చెప్పలేదు. డబ్బా రెండు చేతులా పట్టుకుని, గొంతు సవరించుకుని, హెడ్మాస్టరు ముందు నిలబడ్డట్టు నిలబడి ఐరిష్‌లో అందుకున్నాడు. ఏం చెబుతున్నాడో ఆయనకి తెలియదు గానీ, మనకి తెలిస్తే తప్పులేదు.

"నా పేరు వాసుదేవరావు. సముద్రం ఒడ్డున నాకో చిన్న ఇల్లుంది. మూడేళ్ళ కిందట నా భార్య చనిపోయింది. పిల్లలు దూరంగా ఉంటారు, ఉత్తరం రాయరు. ఒక ఆవు ఉంది. గాలి వీచే రాత్రుల్లో ఆ ఇల్లు చాలా ఒంటరిగా ఉంటుంది. ఏం చేస్తాం, దేవుడి దయ."

నోరా చెయ్యి తలుపు గొళ్ళెం మీదే ఉండిపోయింది. కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి. ఆ భాష ఆ గుమ్మంలో వినిపించి ఎన్నేళ్ళయిందో! అదీ కోటు గుండీలు పెట్టుకుని, మిఠాయి డబ్బా పట్టుకుని వచ్చిన ఒక ఇండియా పెద్దమనిషి నోట, అంత దుఃఖం. ఆవిడ ఆయన చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కెళ్ళి, కుర్చీలో కూర్చోబెట్టి, కెటిల్ ఆన్ చేసింది. ఉచ్చారణ అదిరిపోయింది కాబోలు అనుకున్నాడు వాసుదేవరావు.

ఆ తర్వాత నోరా మొదలుపెట్టింది. ఏళ్ళ తరబడి లోపలే ఉండిపోయిన మాటలన్నీ ఒక్కసారిగా బయటికొచ్చాయి. అన్నీ ఐరిష్‌లోనే. వాసుదేవరావుకి ఒక్క ముక్క అర్థం కాలేదు. అయినా బెదరలేదు. అవునో కాదో ఎదుటివాళ్ళకి తేలకుండా తల ఏటవాలుగా ఊపడం మనవాళ్ళకి పుట్టుకతో వస్తుంది. ఈ ఉండలు నువ్వే చేశావా అని నోరా అడిగింది. తల ఊపాడు. వంటంతా నువ్వేనా అంది. ఊపాడు. పిల్లకి తెలుసా నువ్వింత బాధపడుతున్నావని అంది. ఇంకాస్త గట్టిగా ఊపాడు. పాపం, తెలియదన్నమాట అనుకుంది నోరా.

బయల్దేరేముందు వాసుదేవరావుకి నిశ్చితార్థం రోజు చెయ్యబోయే ఘనకార్యం గుర్తొచ్చింది. ఐరిష్ సంగతి ముందే బయటపడితే మజా ఏముంటుంది? గొంతు తగ్గించి ఇంగ్లీషులో, "ఒక్క మాటండీ. ఈ సంగతి మన మధ్యే ఉండనివ్వండి. మా ఇంట్లో ఎవరికీ తెలీదు," అన్నాడు.

నోరా గుండె కరిగి నీరైపోయింది. మనసులో బాధ ఇంట్లోవాళ్ళకి చెప్పుకోలేక, వాళ్ళకి అర్థంకాని భాష వెతుక్కుని, కష్టపడి నేర్చుకుని మరీ చెప్పుకున్నాడు ఈ మనిషి. "నా ప్రాణం పోయినా చెప్పను," అని మాటిచ్చింది.

ఆ సాయంత్రం విద్య ఫోన్ చేసింది. గొంతులో ఆనందం దాగడం లేదు.

"నాన్నా, ఏం మ్యాజిక్ చేశావ్? గ్రాండ్‌మా నాకు తనే కాల్ చేసింది! ఎప్పుడు కావాలంటే అప్పుడు రా, ఇది నీ ఇల్లే అంది. నన్ను డాటర్ అంది!"

"ఏముందమ్మా, రెండు మాటలు మాట్లాడాను," అన్నాడు వాసుదేవరావు కాలు మీద కాలు వేసుకుంటూ.

"ఆ స్వీట్స్ అమ్మ చేసింది అని చెప్పా. కొంచెంసేపు సైలెంట్ అయిపోయి, 'అవునమ్మా, అమ్మే చేసుంటుంది' అని ఏడ్చేసింది. రియల్లీ ఏడ్చింది! అమ్మ పేరు కూడా అడిగింది, స్పెల్ చేసి చెప్పా."

స్పీకర్‌లో వింటున్న జానకీదేవి ఉబ్బితబ్బిబ్బయిపోయింది. తన సున్నుండలు తిని మెచ్చుకున్నవాళ్ళు చాలామంది ఉన్నారు గానీ, ఏడ్చినవాళ్ళు ఇంతవరకూ లేరు. అప్పటికప్పుడు ఇంకో విడత మినుములు వేయించడానికి మూకుడు దింపింది.

మంగళవారం మధ్యాహ్నం ఆవిడ చేతికి అంటిన పిండితోనే తలుపు తీసేసరికి గుమ్మంలో ఇద్దరు ఆడవాళ్ళు నిలబడి ఉన్నారు. ఒకావిడ పొడుగు, ఒకావిడ పొట్టి. పొడుగావిడ చేతిలో రేకు కప్పిన బంగాళాదుంపల వంటకం, పొట్టావిడ చేతిలో గుండ్రటి రొట్టె. నోరా వెళ్ళే చర్చి వాళ్ళమని చెప్పారు. మాట తప్పని మనిషే నోరా. ఇంట్లోవాళ్ళకి చెప్పనని ఒట్టేసింది గానీ, చర్చివాళ్ళకి చెప్పనని అనలేదు కదా.

పిండి చేతులు, పాత నూలు చీర, కొంగు నడుముకి దోపుకుని ఉన్న జానకీదేవిని వాళ్ళు ఎగాదిగా చూశారు.

"ఆయన్ని చూసుకుంటున్నది మీరేనా?" అంది పొడుగావిడ మెల్లిగా.

"నేను కాకపోతే ఇంకెవరు చూస్తారండీ?"

"చాలా ఏళ్ళుగా ఈ ఇంట్లోనే ఉన్నారా?"

"ముప్ఫై ఏళ్ళు దాటింది."

"అయితే ఆవిడ మీకు బాగా తెలిసే ఉంటారు. మూడేళ్ళ కిందట పోయినావిడ."

జానకీదేవి అత్తగారు మూడేళ్ళ కిందట తెనాలిలో కాలం చేశారు. ఈయన నోరాతో తల్లి గురించి చెప్పుకున్నాడు కాబోలనుకుంది. "తెలియకేం? ఆయనకి ఆవిడంటే ప్రాణం. మంచి మనిషే, కాదనను. కానీ తిండి దగ్గర మాత్రం మహా కష్టం. ఆఖరి రోజు దాకా నా వంటకి వంక పెట్టకుండా ముద్ద మింగలేదు."

పనిమనిషి ఇంత నిర్మొహమాటంగా మాట్లాడటం చూసి వచ్చినవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పొట్టావిడ పెరటివైపు తొంగిచూసి, "ఆవు వెనకాల ఉంటుందా?" అని అడిగింది. అమెరికావాళ్ళు మనల్ని ఆవు గురించి అడగడం జానకీదేవికి కొత్త కాదు. నవ్వి ఊరుకుంది.

వెళ్ళబోతూ పొడుగావిడ ఆవిడ భుజం తట్టి, "ఆయన్ని కాస్త కనిపెట్టి ఉండండి. ఈ ఇల్లు చాలా ఒంటరిగా ఉంటుందని నోరాతో చెప్పుకుని బాధపడ్డారట," అంది.

తలుపు వేశాక జానకీదేవి ఆ రొట్టె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. వాసుదేవరావు రాత్రి కంచం ముందు కూర్చోగానే గరిటె పక్కన పెట్టింది.

"ఈ ఇల్లు ఒంటరిగా ఉందట కదా మీకు?"

"నాకా? ఎవరన్నారు?"

"మీరే అన్నారట. నోరా గారితో చెప్పుకుని బాధపడ్డారట."

"నేను ఆవిడతో ఇంటి ఊసే ఎత్తలేదు జానకీ! ఒట్టు." పాపం, ఆయన మనస్ఫూర్తిగానే ఒట్టేశాడు.

"అంటే చర్చికెళ్ళేవాళ్ళు పనిగట్టుకుని వచ్చి అబద్ధం చెప్పారంటారు," అని ఆవిడ లేచి వెళ్ళిపోయింది. బుధ, గురువారాలు ఆ ఇంట్లో గిన్నెల చప్పుడు తప్ప మాట వినిపించలేదు. ఇంట్లో మాటలు ఆగిపోయాయని వాసుదేవరావు కనిపెట్టింది గురువారం సాయంత్రం. జానకీదేవిని అన్నిటికన్నా బాధపెట్టింది అదే.

శుక్రవారం విద్య ఫోన్‌తో ఇంట్లో మళ్ళీ వెలుగొచ్చింది. ఆదివారం పొద్దున చర్చిలో ప్రార్థనకి అందరూ రావాలని నోరా పిలిచింది. ఫాదర్‌తో చెప్పి జానకీదేవి పేరు అందరిముందూ చదివిస్తుందట.

"నా పేరా?" అంది జానకీదేవి. "చర్చిలోనా?"

"అవునమ్మా, నీ ఒక్కదాని పేరే! గ్రాండ్‌మా స్పెషల్‌గా అరేంజ్ చేసింది. షి రియల్లీ లవ్స్ యూ."

"నాది చదవరా?" అన్నాడు వాసుదేవరావు. నాలుగు నెలలు గొంతు పోయేలా వల్లె వేసింది తను, పేరు మాత్రం భార్యది. ఇదేం న్యాయమో అర్థం కాలేదు. జానకీదేవి అప్పటికే సాయి ప్రియకి ఫోన్ కలిపేసింది. తెలుగు సంఘం సభల్లో ఎవరెవరి పేర్లో చదివి, శాలువాలు కప్పి, పూలగుత్తులు ఇస్తుంటే ముందు వరసలో కూర్చుని చప్పట్లు కొట్టడమే ఇన్నాళ్ళూ ఆవిడ పని. ఇన్నాళ్ళకి ఎవరో తన పేరు చదువుతామన్నారు. మంగళవారం నాటి కోపం కూడా ఆ పూటకి పక్కన పెట్టేసింది.

ఆదివారం మెరూన్ అంచు ఆకుపచ్చ కంచిపట్టు చీర కట్టి, రెండు వరసల గొలుసు వేసుకుని, జడలో పూలు పెట్టుకుని జానకీదేవి చర్చి మెట్లెక్కింది. విద్య, కీరన్ వాళ్ళకోసం చోటు పట్టుకుని ఉన్నారు. నోరా ముందు వరసలో నల్ల కోటు వేసుకుని కూర్చుంది. వెనక్కి తిరిగి వాసుదేవరావుని చూసి గుండె మీద చెయ్యి పెట్టుకుంది. ఆయన కూడా గుండె మీద చెయ్యి పెట్టుకున్నాడు. పక్కనున్న పట్టుచీర ఆవిడ ఎవరో దగ్గరి బంధువు కాబోలనుకుంది నోరా. మంగళవారం వచ్చిన ఇద్దరు ఆడవాళ్ళు మాత్రం పనిమనిషి మెళ్ళో ఆ గొలుసు చూసి గుసగుసలాడుకున్నారు.

పాటలయ్యాయి, బైబిలు పఠనాలయ్యాయి. ఫాదర్ కళ్ళజోడు సర్దుకున్నాడు. "మనల్ని విడిచి వెళ్ళిన జానకీదేవి ఆత్మశాంతి కోసం ప్రార్థిద్దాం," అన్నాడు.

సభలో తన పేరు వినబడ్డాక దానికి ముందున్న మాటలు ఎవరి చెవికెక్కుతాయి? జానకీదేవి లేచి నిలబడింది. ఎడమవైపు వాళ్ళకి ఒక నమస్కారం, కుడివైపు వాళ్ళకి ఒక నమస్కారం, వెనక వరసల వాళ్ళకి తిరిగి ఇంకో నమస్కారం పెట్టింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఇక్కడ చప్పట్లు కొట్టరేమో అనుకుంది. విద్య "అమ్మా! అమ్మా, సిట్!" అని కొంగు లాగేలోపే, చీర కుచ్చెళ్ళు పట్టుకుని నడవలోకి వచ్చేసింది. పేరు పిలిచాక వేదిక దగ్గరికి వెళ్ళకపోతే మర్యాదగా ఉండదు మరి.

ఫాదర్ ఆవిడ రావడం చూసి రెండు మెట్లు దిగి వంగి, "మీరు చనిపోయినావిడకి ఏమవుతారమ్మా?" అని అడిగాడు. మైక్ ఆపడం మర్చిపోయాడు.

"నేనే జానకీదేవిని," అంది ఆవిడ చిరునవ్వుతో, శాలువాకి వీలుగా కాస్త తల వంచి.

చర్చి మొత్తం ఊపిరి బిగబట్టింది. ఎక్కడో ఒక ప్రార్థన పుస్తకం కిందపడింది. నోరా శిలువ గుర్తు వేసుకుంది, వెంటనే మళ్ళీ వేసుకుంది. విద్య రెండు చేతుల్లో మొహం దాచుకుంది. అప్పటికీ ఏం జరిగిందో అర్థంకాని మనిషి ఆ హాల్లో ఒక్కడే, వాసుదేవరావు. భార్యకి పూలగుత్తి ఇవ్వలేదేమిటా అని చూస్తున్నాడు.

ప్రార్థన అయ్యాక పక్క హాల్లో టీ బల్ల దగ్గర పంచాయితీ జరిగింది. నోరా వాసుదేవరావుని ఎదురుగా నిలబెట్టింది. "ఆ రోజు నా గుమ్మంలో చెప్పింది మళ్ళీ చెప్పు," అంది. ఆయన మొదలుపెట్టాడు. ఒక్కో వాక్యం కాగానే నోరా దాన్ని ఇంగ్లీషులో అందరికీ చెప్పింది. సముద్రం మాట రాగానే విద్య చెయ్యి నోటికి అడ్డంపెట్టుకుంది. "మూడేళ్ళ కిందట నా భార్య చనిపోయింది," అని నోరా అనగానే వాసుదేవరావు చేతిలో టీ సాసర్లో ఒలికింది. ఆవు దగ్గరికి వచ్చేసరికి ఆయన మధ్యలోనే ఆపేశాడు.

"మరి తిండికి వంకలు పెట్టేదెవరు?" అంది పొట్టావిడ అయోమయంగా.

"మా అత్తగారు," అంది జానకీదేవి.

కీరన్‌కి నవ్వు ఆగడం లేదు. నోరా నవ్వలేదు. ఆవిడ మొహం చూశాక గానీ వాసుదేవరావుకి తను చేసిన పని తెలిసిరాలేదు. ఎన్నో ఏళ్ళకి తన భాషలో మాట్లాడే మనిషి దొరికాడని సంతోషపడ్డ ముసలావిడ ముందు తను చేసింది ఒట్టి చిలకపలుకులు అప్పజెప్పడం. బాగుపడ్డ సంబంధాన్ని చేతులారా చెడగొట్టానే అని దిగులు పట్టుకుంది.

"నోరా గారూ, నాకు వచ్చింది ఇంతే," అన్నాడు ఇంగ్లీషులో, తల వంచుకుని. "అర్థం కూడా తెలియదు. నా కూతురు మీ ఇంటికి వస్తోంది. మీరు దానితో మాట్లాడటం లేదని ఏడిచింది. వాళ్ళ నాన్న మీ భాషలో నాలుగు ముక్కలు మాట్లాడితే దాన్ని కాస్త దగ్గరికి తీస్తారేమోనని నేర్చుకున్నాను. అంతకన్నా నాకేం తెలియదు. తప్పు నాది. దాన్ని ఏమీ అనకండి."

నోరా విద్యవైపు తిరిగింది. "నిన్ను దూరం పెట్టలేదమ్మా. నా ఇంగ్లీషు ఇప్పటికీ నాకు అరువు కోటులాగే ఉంటుంది. చదువుకున్న పిల్ల ముందు ఏం మాట్లాడాలో తెలిసేది కాదు," అంది. తర్వాత వాసుదేవరావుని చూసింది. "నా కడుపున పుట్టినవాడు నాలుగు ముక్కలు నేర్చుకోలేదు. నువ్వు నేర్చుకున్నావు. చెప్పినవన్నీ అబద్ధాలే అనుకో. కానీ ఎంత అందంగా చెప్పావు!" అని అప్పుడు నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. పెళ్ళికి తప్పకుండా వస్తానని విద్య చేతిలో చెయ్యి వేసింది.

చదివిన ప్రార్థన వెనక్కి తీసుకోవడం కుదురుతుందా అని జానకీదేవి ఫాదర్‌ని అడిగింది. చేసిన ప్రార్థన ఊరికే పోదనీ, ఆవిడకి కావలసినప్పుడు పనికొస్తుందనీ ఆయన హామీ ఇచ్చాడు.

తిరుగు ప్రయాణంలో కారులో ఇద్దరే ఉన్నారు.

"ఏవండీ," అంది జానకీదేవి కిటికీలోంచి చూస్తూ. "ఆ పాఠంలో సముద్రం అబద్ధం. ఆవు అబద్ధం. నేను పోవడం అబద్ధం. ఇల్లు ఒంటరిగా ఉందన్న మాట మాత్రం నిజమే. కాకపోతే అది మీరు చెప్పాల్సింది కాదు, నేను చెప్పాల్సింది."

సిగ్నల్ పచ్చగా మారినా కారు కదలలేదు. వెనకవాడు హారన్ కొట్టాడు.

"గరాజ్‌లో కూర్చుని గొణుక్కుంటుంటే ఏదో జపం చేసుకుంటున్నారనుకున్నాను. అన్నాళ్ళు అద్దాలతో మాట్లాడే బదులు నాతో మాట్లాడితే నేను విననా?"

"తప్పే జానకీ. నీకు చెబితే నవ్వుతావనుకున్నాను."

"నవ్వేదాన్నే," అంది ఆవిడ. "నవ్వి కూడా చాలా రోజులైంది."

ఆయన ఎడమచెయ్యి స్టీరింగ్ మీదే ఉంచి, కుడిచెయ్యి ఆవిడ చేతి మీద వేశాడు. ఆవిడ తీసెయ్యలేదు. కాసేపయ్యాక, చర్చి నడవలో తను శాలువా కోసం తల వంచిన సంగతి గుర్తొచ్చి జానకీదేవికే నవ్వు పుట్టుకొచ్చింది. ఇల్లు చేరేదాకా ఇద్దరూ నవ్వుతూనే ఉన్నారు.

ఇప్పుడు శనివారాలు ఇద్దరూ కలిసి నోరా ఇంటికి వెళ్తున్నారు. విద్యకి డ్యూటీ లేకపోతే అదీ వస్తుంది. ఆ వంటింటి బల్ల దగ్గర వల్లె వేయడం నిషేధం. ప్రతి మాటకీ అర్థం చెప్పాకే తర్వాతి మాట. జానకీదేవి పద్ధతి మొదటి నుంచీ అదే కాబట్టి ఆవిడ చకచకా ముందుకెళ్ళిపోయింది. వాసుదేవరావు వెనకబడ్డాడు. ఆడవాళ్ళు ఐరిష్‌లో ఏదో అనుకుని నవ్వుకుంటుంటే ఆయన సున్నుండ తింటూ తల ఊపుతాడు.

మొన్న ఒక సాయంత్రం పెరుగు డబ్బా తెస్తానని వెళ్ళిన వాసుదేవరావు, పార్కింగులో పాత ఆఫీసు మిత్రుడు దొరికితే గేర్‌బాక్సుల మాటల్లో పడి చీకటి పడ్డాక ఇల్లు చేరాడు. జానకీదేవి గుమ్మంలోనే నిలబడి ఉంది. నడుం మీద చెయ్యి పెట్టుకుని, ఇంతసేపూ ఎక్కడున్నారని స్వచ్ఛమైన ఐరిష్‌లో అడిగింది. ఎవరూ విడమరిచి చెప్పకుండానే వాసుదేవరావుకి పూర్తిగా అర్థమైన మొట్టమొదటి ఐరిష్ వాక్యం అదే.